పదకొండు అడుగుల సాక్ష్యం

గరివిడి,
శుక్రవారం.

మన ప్రభువు పేరిట నా కొడుకు ఇమ్మానుయేలుకి అమ్మ వందనాలు. ఇక్కడ నేనూ, మీ నాన్నా, హాస్టల్లో చెల్లి దీవెనా తిని తిరుగుతున్నాం, ఆ మేరకు క్షేమమే. నువ్వు కూడా అక్కడ ఒంట్లో కులాసాగా ఉండి, ఎవరి మీదా చెయ్యి చేసుకోకుండా ఉన్నావని నమ్ముతాను. జైలుకి వచ్చే ఉత్తరాలు ముందు అక్కడి వాళ్ళు విప్పి చదువుతారని మన లాయరు గారు చెప్పారు. చదవనీ. చదివే అయ్యగారెవరో గానీ వారికి కూడా నా వందనాలు. కాయితాలు ఎక్కువయ్యాయని మధ్యలో ఆపెయ్యకుండా మొత్తం నా కొడుక్కి అందించాలని వారిని వేడుకుంటున్నాను. అసలు సంగతి చివర్లో ఉంది.

నీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. భోజనాల దగ్గర ఎవడో పళ్ళెం విసిరితే నుదురు చిట్లిందనీ, నాలుగు కుట్లు పడ్డాయనీ రాశావు. వాడికెన్ని కుట్లు పడ్డాయో మాత్రం రాయలేదు. నిన్ను కన్నదాన్ని, నాకు తెలియదనుకున్నావా? కుట్లు తడపకు. దురద పెడితే గోక్కోకు. వాడి జోలికి మళ్ళీ వెళ్ళకు.

దీవెన చదువు మానేసిందా అని అడిగావు. మానలేదు. విజయనగరంలో ఆ నర్సింగు హాస్టల్లోనే ఉంది. అక్కడ ఒక పిల్ల దాన్ని ఖైదీ చెల్లెలని పిలిచిందట. ఇది ఆ పిల్ల జడ పట్టుకుని మెట్ల మీద నుంచి కిందిదాకా ఈడ్చిందట. వార్డెనమ్మ నన్ను పిలిపించింది. నేను వెళ్ళి అందరి ముందూ దీవెన చెంపలు రెండూ వాయించి, ఆ పిల్ల కాళ్ళు పట్టించాను. తిరిగి వస్తుంటే బస్సులో ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. మన ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా నోటి కన్నా ముందు చెయ్యి లేస్తుంది. మీ నాన్న ఒక్కడే వేరు. పాతికేళ్ళు లారీ నడిపి కూడా, అడ్డొచ్చిన ఎడ్లబండి వాడిని పల్లెత్తు మాట అనని మనిషి.

ఇక నాన్న పరీక్ష ఏమైందని అడిగావు. అది మొన్న బుధవారం అయింది. అది రాసే ముందు నీకు తెలిసినవే కొన్ని మళ్ళీ రాస్తాను, విసుక్కోకు. జరిగినదంతా ఒక వరసలో కాయితం మీద పెట్టమని లాయరు గారన్నారు. నీకు రాసిందే ఇంకోసారి ఎత్తి రాసి ఆయనకిస్తాను.

సాలూరు ఘాటీలో లారీ బోల్తాపడి మీ నాన్న తుంటి నలిగి పద్నాలుగేళ్ళయింది. కుడి కాలు కురచైంది, మోకాలు సగమే వంగుతుంది. అప్పట్లో డాక్టర్లు అరవై శాతం వైకల్యం అనీ, అది శాశ్వతం అనీ సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ పింఛను మీదే మన ఇంట్లో బియ్యం, ఆయన మందులు నడుస్తున్నాయి. దీవెన బస్సు చార్జీలు కూడా అందులోవే. ఇప్పుడు అందరినీ మళ్ళీ పరీక్షిస్తామన్నారు. నలభై శాతం కన్నా తగ్గితే పింఛను పోతుంది. ఆ మాట వచ్చిన దగ్గర నుంచీ మన పేటలో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. శాశ్వతం అని వాళ్ళే రాసి, వాళ్ళే మళ్ళీ చూస్తామనడం ఏమిటో నాకు అంతుబట్టలేదు. వెనక వీధి కూర్మమ్మ గుర్తుందా, పుట్టినప్పటి నుంచీ ఒక కంటికి మసక. ఆ కన్ను పూర్తిగా పోయినట్టు కనిపించాలని పరీక్షకి ముందు రోజు జిల్లేడు పాలు పోసుకుంది. ముఖం గుమ్మడికాయంత వాచింది. ఆ రోజంతా వీధి వీధంతా దాని కేకలు విన్నాం.

మీ నాన్న అలాంటివేం చెయ్యలేదు. దానికి సరిగ్గా ఎదురు పని చేశాడు.

మార్చి నెల రెండో ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు సాక్ష్యాలకి సమయం ఇచ్చారు. ప్రభువు తనకేం మేలు చేశాడో లేచి పదిమందిలో చెప్పడం మన సంఘంలో ముత్తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతి. మేలు పొంది దాచుకున్నవాణ్ణి మనవాళ్ళు దొంగ కింద చూస్తారు. మీ నాన్నకి ఆ శుక్రవారం నుంచి నొప్పి తగ్గింది. శనివారం ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షను కూడా పొడిపించుకున్నాడు, ఆ ముక్క సాక్ష్యంలో రాలేదు. లేచి నిలబడి, చేతికర్ర బల్లకి ఆనించి, చివరి వరస నుంచి వేదిక దాకా ఒట్టి చేతులతో నడిచాడు. పదకొండు అడుగులు. నేను లెక్కపెట్టాను. ఆడవాళ్ళందరూ హల్లెలూయ అని చప్పట్లు కొట్టారు. నువ్వు కొనిచ్చిన ఫోనుతో నేనదంతా వీడియో తీశాను. ఇంటికి వచ్చాక మూడు రోజులు ఆయన మంచం దిగలేదు, మూత్రానికి బాల్చీ నేనే పట్టాను. అది ఎవరూ వీడియో తియ్యలేదు.

రెండు వారాలకి సచివాలయం నుంచి నోటీసు వచ్చింది. కర్ర లేకుండా నడుస్తున్నట్టు వీడియో ఉందనీ, పింఛను నిలిపేశామనీ, మళ్ళీ పరీక్షకి రావాలనీ దాని సారాంశం. ఆ సాయంత్రమే నువ్వు లారీ దిగి ఇంటికి వచ్చావు. కిరాణా కొట్టు ఉమాపతి శెట్టి ఆ వీడియో పంపాడని తెలిసి, టైర్లు విప్పే రాడ్డు తీసుకుని వెళ్ళి అతన్ని కొట్టావు. హత్యాయత్నం కేసు పడింది. రెండుసార్లు బెయిలు కొట్టేశారు. ఇప్పటికి అయిదు నెలలు.

ఇక బుధవారం సంగతి. పొద్దున్న ఆరింటికే ఆటోలో పెద్దాసుపత్రికి వెళ్ళాం. అప్పటికే గేటు బయట కుంటివాళ్ళూ గుడ్డివాళ్ళూ మంచాన పడ్డవాళ్ళూ జాతర జనంలా ఉన్నారు. ఎండ ఎక్కింది. నీళ్ళు లేవు. తొమ్మిదింటికి గేటు ఒక రెక్క తీశారు. అంతే, వెనక నుంచి ఒక్క తోపు. చక్రాల పీట మీద కూర్చున్న ఒక కుర్రాడి వేళ్ళ మీంచి జనం నడిచిపోయారు. కాపలావాడు లాఠీ తిప్పాడు, అది ఒక ముసలమ్మ చెవి మీద తగిలి రక్తం కారింది. మీ నాన్న కింద పడ్డాడు. ఆయన మీద కాలు వెయ్యబోయిన వాడి చెయ్యి నేను కండ ఊడేలా కొరికాను. వాడు నా జుట్టు పట్టుకుని గేటుకేసి కొట్టాడు. వాడిదీ మనలాంటి బతుకేనట, భుజం మీద ఫిట్సొచ్చే కూతురుంది. ఆ సంగతి లైనులో నిలబడ్డాక తెలిసింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి లోపలికి పిలిచారు. ఎముకల డాక్టరు కుర్రవాడే, మన వైపు వాడు కాదు. మీ నాన్నని బల్ల మీద పడుకోబెట్టి కాలు పట్టి వంచాడు. వంగదు. ఇంకా వంచాడు. మీ నాన్న పెట్టిన కేకకి బయట లైనులో వాళ్ళు లోపలికి తొంగిచూశారు. అప్పుడు ఆ డాక్టరు ఫోను తీసి వీడియో చూపించాడు.

"ఇందులో ఉన్నది మీరేనా?"

"నానే సార్."

"కర్ర లేకుండా నడుస్తున్నారే?"

"అది సాక్ష్యం సార్."

"సాక్ష్యం అంటే?"

మీ నాన్న ఓపిగ్గా చెప్పాడు. "దేవుడు సేసిన మేలు సంఘంలో సెప్పుకుంటాం సార్. అలాగ సెప్పినాను."

ఆ డాక్టరు మంచివాడే. గొంతు తగ్గించి అడిగాడు. "చూడండి, ఏదో ఉత్సాహంలో అలా చేశానూ, నిజానికి నడవలేనూ అని చెప్పండి. నేను అలాగే రాసుకుంటాను. ఆ నడక నిజమా, అబద్ధమా?"

నేను గుమ్మం దగ్గర నుంచి అరిచాను. "అబద్దమే సార్! ముందు రోజు ఇంజక్షను పొడిపించుకున్నాడు. మూడు రోజులు మంచమ్మీదే ఉన్నాడు."

మీ నాన్న నన్ను చూడనుకూడా లేదు. "నిజమే సార్. పదకొండు అడుగులు నడిసినాను. నడిపించింది దేవుడు. దేవుడి ముందర సెప్పింది అబద్దమని మీ ముందర సెప్పనేను."

డాక్టరు ఫోను జేబులో పెట్టుకుని కలం తీశాడు. తర్వాత ఏదో రాశాడు. బయట కిటికీ దగ్గర గుమాస్తాని అడిగితే చెప్పాడు. ముప్పై నాలుగు.

ఒరే, నాకు కళ్ళు కనిపించలేదు. ఆవరణలో నీళ్ళ కుళాయి దగ్గర మీ నాన్న నింపాదిగా మొహం కడుక్కుంటున్నాడు. ఆయన చేతికర్ర లాక్కుని వీపు మీద ఒకటి వేశాను. ఆయన తిరిగి చూస్తే భుజం మీద ఇంకోటి వేశాను. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో నా మీద చెయ్యెత్తని మనిషిని, కింద పడ్డాక కూడా కొట్టాను. "నీ నిజం వండుకుని తిందామా? ముప్పై నాలుగు రాయించుకున్నావు, నీ దేవుడు మిగతా ఆరూ ఇస్తాడేటి?" అని అరిచాను. నాలుగోసారి కర్ర ఎత్తేసరికి వెనక నుంచి ఎవరో పట్టుకున్నారు. ఎంత లాగినా రాలేదు. తిరిగి చూస్తే ఉమాపతి.

అతను ఎడం చేత్తో పట్టుకున్నాడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర కట్టుతో, ఎండిన కొమ్మలా వేలాడుతోంది. అదే డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చాడట. ఆ చెయ్యి ఇంక చాపడానికీ రాదు, మడవడానికీ రాదు, ఇంతే అని చెప్పి పంపారట.

"ఒగ్గీ ఎలీసమ్మా. పడిపోయినోణ్ణి కొట్టకు" అన్నాడు.

అతని భార్య సూర్యకాంతం పరిగెత్తుకొచ్చింది. "సూసినారా ఈళ్ళ తీరు! కొడుకు మా ఆయన సెయ్యి ఇరగ్గొట్టినాడు, ఇది దీని మొగుణ్ణి సంపతన్నాది. మీ ఇంట్లో ఇదేటే పని?"

ఇక్కడిదాకా పొద్దున్న రాసి ఆపేశాను. చెయ్యి సాగలేదు. ఇప్పుడు స్నానం చేసి, ప్రార్థన చేసుకుని మళ్ళీ కూర్చున్నాను. నువ్వు అడిగిన మూడో మాటకి జవాబు రాస్తున్నాను. ఇది చదివేటప్పుడు నీ పక్కన ఎవరైనా ఉంటే కాస్త దూరంగా పొమ్మను. కోపంలో వాళ్ళని ఏదైనా చేస్తావు.

ఉమాపతికి క్షమాపణ చెబితే రాజీకి ఒప్పుకుంటాడేమోనని లాయరు గారు అన్నదానికి నువ్వు ఇలా రాశావు. "నేనే పంపాను అని వాడే నోటితో ఒప్పుకున్నాడు కదమ్మా. తప్పు ఒప్పుకున్నవాడికి నేనెందుకు తల వంచాలి?"

నాయనా, ఆ వీడియో ఉమాపతి పంపలేదు. నేను పంపాను.

ఎలాగంటావా. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంతోషం పట్టలేక, ఫోనులో కనిపించిన ప్రతి పేరు మీదా, ప్రతి గ్రూపు మీదా నొక్కుకుంటూ పోయాను. మా అక్కకి, భావనపాడు మేనత్తకి, స్త్రీల సమాజానికి, అందరికీ. పింఛను ఏ రోజు ఇస్తారో చెప్పడానికి సచివాలయం పిల్ల అరుణశ్రీ ఒక గ్రూపు పెట్టింది. అందులో నన్ను కూడా చేర్చింది. దానికీ నొక్కాను. మీ నాన్న నడవడం లోకమంతా చూడాలనుకున్నాను. చూసింది.

నోటీసు వచ్చిన రోజు మధ్యాహ్నం నేను సచివాలయానికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. అరుణశ్రీ నన్ను పక్కకి తీసుకెళ్ళింది. "ఆంటీ, అరవకండి. ఆ ఈడియో మీ నంబరు నుంచే వచ్చినాది. మన పింఛన్ల గ్రూపులో మీరే పెట్టినారు. మా పై సారు కూడా అందులో ఉన్నారు. నాను సూసేలోపే ఆయనే సూసీసినారు" అంది. దాని ఫోనులో నా పేరూ, నా బొమ్మా, ఆ వీడియో వరసగా ఉన్నాయి. అప్పుడు టైము మూడు. నువ్వు ఇంటికి వచ్చింది అయిదింటికి. అంటే నువ్వు రాడ్డు ముట్టుకునేసరికి నాకు రెండు గంటలుగా తెలుసు.

నువ్వు రాయపూర్ నుంచి మూడు రోజులు నిద్ర లేకుండా నడిపి వచ్చావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నోటీసు చదివి, "ఎవుడు సేసినాడే ఇది?" అని అడిగావు. మీ నాన్న గోడకి ఆనుకుని నా ముఖం చూస్తున్నాడు. నా వల్లే పింఛను పోయిందని మీ ఇద్దరి ముందు ఎలా చెప్పాలి? రెండు రోజుల కిందట ఉమాపతి కొట్లో నలుగురి ముందు నన్ను ఆటపట్టించాడు. "ఏటి ఎలీసమ్మా, మీ ఆయన పరిగెడతన్నాడట కదా, ఇంక పింఛనేటికి, నాకిప్పించీ" అన్నాడు. సరదాకి అన్నాడు. ఆ మంట నా కడుపులో ఉంది. అందుకని ఆ పేరు నోట్లోకి వచ్చేసింది. "ఉమాపతి" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నువ్వు లేచావు. మీ నాన్న, "ఒరే, ఆగరా, కనుక్కుందాం" అన్నాడు. నువ్వు ఆగావు కూడా. చెప్పులు విప్పబోయావు. అప్పుడు నేనేమన్నానో గుర్తుందా? నీకు గుర్తుంటుంది. "మీ నాన్నకి కాలు లేదు. నీకు రెండున్నాయి కదరా" అన్నాను. నువ్వు తలుపు వెనక నుంచి రాడ్డు తీశావు.

నేను నీ వెనకే వచ్చాను. నీకు తెలియదు. కొట్టు బయట, ఉల్లిపాయల బస్తాల పక్కన నిలబడి మొత్తం చూశాను. నీ మొదటి దెబ్బ కాటా మీద పడి, అద్దం పగిలి ఒక ముక్క అతని నుదురు కోసింది. రెండోది అతని భుజం మీద. మూడోది తల మీద పడబోతే కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ మోచెయ్యి విరిగిన చప్పుడు రోడ్డు మీదికి వినిపించింది. మిరప్పొడి బస్తా చినిగి అందరం దగ్గుతున్నాం. అతను బల్ల కిందికి పాకాడు, నువ్వు కాలు పట్టి ఈడ్చావు. పక్కటెముకల మీద తన్నుతూ "ఒప్పుకో, ఒప్పుకో" అని అరిచావు.

అతను ఏమన్నాడో నీకు వినిపించి ఉండదు. నాకు వినిపించింది. "నాను కాదు బావూ. మీయమ్మనడుగు, నాను అలాటోణ్ణి కాను" అన్నాడు. అంటూ నీ భుజం మీంచి నన్ను చూశాడు. రక్తం కళ్ళలోకి కారుతున్నా నన్ను గుర్తుపట్టాడు. ఎడం చెయ్యి నా వైపు చాపాడు. నేను ఒక్క మాట అంటే నువ్వు ఆగేవాడివి. నేను ఉల్లిపాయల బస్తా పట్టుకుని నిలబడ్డాను. ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి. అప్పుడు అతను, "నానేరా, నానే పంపినాను, ఒగ్గీరా బావూ, సచ్చిపోతాను" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు గుండె తేలికపడింది. ఇది రాయకుండా ఉండాలని రెండుసార్లు పేజీ చింపాను. కానీ నిజం అదే. వాడు ఒప్పుకున్నాడు, ఇంక నేను కాదు అనిపించింది. అయిదు నెలలుగా ఆ తేలికతోనే అన్నం తింటున్నాను. రాత్రి ప్రార్థనలో నీ పేరు ఎత్తుతున్నాను గానీ అతని పేరు ఎత్తలేదు.

బుధవారం ఆసుపత్రి ఆవరణలో సూర్యకాంతం తిడుతుంటే, మీ నాన్న మట్టిలోంచి లేవడానికి చేతులు తడుముకుంటుంటే, ఉమాపతి ఆ ఒంటి చేత్తోనే వంగి ఆయన్ని లేపబోయాడు. నా చేతిలోంచి కర్ర జారిపోయింది. "శెట్టిగారూ, ఆ ఈడియో పంపింది నానే. ఆ రోజే తెలుసు నాకు. మీ పేరు నానే సెప్పినాను ఆడికి" అన్నాను.

సూర్యకాంతం నన్ను కొట్టింది. నా చెంప మీద ఎన్ని పడ్డాయో తెలియదు. గాజు పగిలి కింది పెదవి చీరుకుపోయింది. జుట్టు పట్టుకుని కుళాయి గట్టుకేసి నా తల మోదింది. చుట్టూ జనం చేరారు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. "ఇప్పుడు మా ఆయన్ని కూడా ఈ లైన్లో నిలబెట్టీసినారు కదే! రేపు ఆయనకెంత శాతమని రాస్తారే?" అని కొడుతూ ఏడ్చింది. ఉమాపతి ఆమెని ఆపలేదు. ఆమె అలిసిపోయి తనే ఆగింది.

అప్పుడు ఉమాపతి నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "ఆ రోజు నిన్ను సూసినాను. నువ్వెందుకు నోరిప్పలేదు?" అని అడిగాడు. "బయ్యమేసినాది" అన్నాను. "నాకూ బయ్యమేసినాది. అందుకే సెయ్యనిది సేసినానన్నాను. ఇప్పటికీ మీ పేటోళ్ళు నా కొట్టు మెట్లెక్కట్లేదు. కుంటోడి కూడు తీసినోడినంటన్నారు. నీ ఏడుపు నాకొద్దు ఎలీసమ్మా. ఆ మాట కోర్టులో సెప్పు" అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మీ నాన్నని ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. ఆయన వీపు మీద కర్ర వాతలకి కొబ్బరినూనె రాయబోతే నా చెయ్యి నెట్టేశాడు. "నన్ను కొట్టినావు, కొట్టు. ఆ గుంటడి సేతులతో ఇంకొకణ్ణి కొట్టించినావు. ఆడు అయిదు నెల్లుగా ఎవుడి తప్పుకి అక్కడున్నాడే?" అన్నాడు. ఆ రోజు నుంచీ నేను వండింది ముట్టడం లేదు. పొయ్యి దగ్గర ఒక కాలు చాపుకుని కూర్చుని గంజి తనే కాచుకుంటున్నాడు. పింఛను కోసం మళ్ళీ అర్జీ పెడదామని అరుణశ్రీ వచ్చింది. పెడతానన్నాడు. ఆ నడక నిజమేనని అందులో కూడా రాయిస్తాడట.

ఇక చెయ్యబోయేది. లాయరు గారికి నిన్న చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. ఇది బయటపెడితే పురిగొల్పినందుకు నన్నూ ముద్దాయిని చేస్తారట, అయినా దానివల్ల నీ శిక్ష మాత్రం తగ్గదట. ఎందుకంటే కొట్టింది నువ్వే. అది నిజం. నేను పేరు చెప్పాను, రెచ్చగొట్టాను. కానీ కాళ్ళ దగ్గర పడి ఏడుస్తున్న మనిషిని ఆపకుండా కొట్టింది నీ చెయ్యి. చిన్నప్పుడు నిన్ను అట్లకాడతో వాతలు తేలేలా కొట్టి, తప్పు ఒప్పుకునేదాకా వదిలేదాన్ని కాదు. చెయ్యని తప్పులు కూడా ఒప్పుకున్నావేమో, నాకు తెలియదు. "ఒప్పుకో" అన్న ఆ మాట నా దగ్గరే నేర్చావు. అందుకు నిన్ను క్షమాపణ అడుగుతున్నాను. ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు, నిన్నే మొదట అడుగుతున్నాను.

సోమవారం స్టేషన్‌కి వెళ్ళి వాంగ్మూలం ఇస్తాను. ఆదివారం సంఘంలో కూడా చెబుతాను, ఉమాపతి కొట్టుకి మనవాళ్ళు వెళ్ళకపోవడం నా వల్లే కాబట్టి. నన్ను కూడా విశాఖ జైలుకే పంపితే ఆడవాళ్ళది వేరే బ్లాకట, నీకు ఎదురుపడను. దీవెనకి నేనే చెప్పుకుంటాను. నువ్వు దానికి ఏమీ రాయకు. వచ్చే గురువారం వాయిదాకి నిన్ను తెస్తారు. అక్కడ ఉమాపతి ఉంటాడు. రాజీ అడగకు, బెయిలు కోసం బతిమాలకు. ఇతను ఏ తప్పూ చెయ్యలేదు, నా దెబ్బలకి భయపడి ఒప్పుకున్నాడు అని జడ్జి గారు వినేలా ఒక్కసారి చెప్పు. ఆ మాట అతనికి బాకీ ఉన్నాం, ఇద్దరం.

నీ కోపం నాకు తెలుసు. ఈ ఉత్తరం చదివాక గోడకేసి తల కొట్టుకోకు, కుట్లు విప్పుకోకు, పక్కవాడి మీద పడకు. ఆ కోపం ఎవరిదో వాళ్ళకే తీసుకురా. నువ్వు ఎప్పుడు విడుదలై వచ్చినా, నేను బయట ఉంటే, ముందు ఆ కొట్టు మెట్లెక్కి తర్వాత ఇంటికి రా. ఆ రోజు మీ నాన్నని దీవెన దగ్గరికి పంపేస్తాను. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. తలుపు గడియ వెయ్యను.

ఇట్లు,
నీ పేరు పలికినప్పుడల్లా ఆ మనిషి కేక వింటున్న
మీ అమ్మ,
ఎలీసమ్మ.